'ఏ' విలువ ఒకటేనని ఎవరు చెప్పారు?

ఈ మధ్య న్యూక్లియర్ ఫిజిక్సులో ఏ పరిశోధన పత్రం తెరిచినా ఒక బొమ్మ కనిపిస్తోంది. మధ్యలో సున్నా దగ్గర అడ్డంగా ఒక గీత, దాని పైనా కిందా రంగురంగుల చుక్కలు. గీతకి పైనున్నవి విద్యుత్ జాతి గామాలు, కిందున్నవి అయస్కాంత జాతివి. ఒక్క బొమ్మలో పాతిక ముప్పై గామా కిరణాల ధ్రువణం తేల్చిపారేస్తున్నారు. మా రోజుల్లో ఒకటి రెండు గామాల ధ్రువణం సరిగ్గా కొలిచినవాడికి పీహెచ్‌డీ ఇచ్చేవారు. ఇచ్చి, పాపం బాగా చిక్కిపోయాడని జాలి కూడా పడేవారు.

ఇదంతా చాదస్తం అనేవాళ్ళు అనండి. నా సణుగుడు ఆ చుక్కలు ఎక్కువయ్యాయని కాదు. ఎక్కువైతే మంచిదే. నా గొడవంతా ఆ అడ్డగీతతో. సున్నా ఎక్కడుండాలో ఎవరు తేల్చారు, ఏ కొలత కొలిచి తేల్చారు అని అడిగితే ఈ కాలం పిల్లలు నా మొహంలోకి చూస్తారు.

సంగతేమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. కేంద్రకం పై స్థాయి నుంచి కిందికి దిగేటప్పుడు గామా కిరణం వదులుతుంది. అది ఏ దిక్కుకి ఎక్కువ వస్తోంది, ఏ దిక్కుకి తక్కువ వస్తోంది అని చూస్తే ద్విధ్రువమా చతుర్ధ్రువమా అన్నది చాలావరకు తెలిసిపోతుంది. అయితే విద్యుత్ ద్విధ్రువం, అయస్కాంత ద్విధ్రువం (ల్యాబులో ఈ1, ఎం1 అంటాం) రెండింటికీ ఆ దిక్కుల పంపకం ఒక్కటే. ఈ1 అయితే రెండు స్థాయిల పారిటీ (దిక్కులన్నీ తిరగేస్తే స్థాయి గుర్తు మారుతుందా లేదా అన్నది) వేరు, ఎం1 అయితే ఒకటే. దిక్కుల్ని ఎంత కొలిచినా ఆ తేడా పట్టుబడదు. గామాలోని విద్యుత్ క్షేత్రం ఏ తలంలో ఊగుతోందో చూడాలి. ధ్రువణం అంటే అదే. కన్వర్షన్ ఎలక్ట్రాన్లు కొలిచినా తేలుతుంది గానీ, గామా శక్తి పెరిగేకొద్దీ, కేంద్రకం తేలికయ్యేకొద్దీ ఆ ఎలక్ట్రాన్లు కరువైపోతాయి.

కనిపించే వెలుగుకైతే పోలరాయిడ్ అడ్డుపెట్టి తిప్పితే చాలు. గామాకి అలాంటి పలక లేదు. దానికున్న దారి కాంప్టన్ పరిక్షేపణం. కాంప్టన్ తన ఫలితం ప్రకటించింది 1923లో. ఆ పరిక్షేపణం లెక్కని 1929లో ఆస్కర్ క్లైన్, యోషియో నిషినా పూర్తిగా కట్టారు. ధ్రువణమున్న గామా ఎలక్ట్రానుకి తగిలి పక్కకి తిరిగేటప్పుడు, తన విద్యుత్ క్షేత్రం ఊగే తలంలోకి తక్కువగా, దానికి లంబంగా ఉన్న తలంలోకి ఎక్కువగా పోతుంది. ఆ ఎక్కువతక్కువలు లెక్కపెట్టడమే మా పని. 90 డిగ్రీల దగ్గర చూస్తే, 511 కేఈవీ గామాకి ఈ పద్ధతి సున్నితత్వం మూడింట రెండొంతులు. శక్తి రెట్టింపైతే ఏడింట మూడొంతులకి దిగుతుంది. అదీ డిటెక్టరు ఒక చుక్కంత ఉంటే. నిజం డిటెక్టరుకి వెడల్పూ మందమూ ఉంటాయి కాబట్టి అందులోనూ బాగా కోత పడుతుంది. చివరికి చేతికొచ్చే తేడా నూటికి అయిదో, పదో. ఒక్కోసారి రెండే.

నూటికి రెండు తేడా పట్టుకోవాలంటే, ఆ రెండూ కేంద్రకం ఇచ్చినవా, నువ్వు పెట్టిన బల్ల వంకరవల్ల వచ్చినవా అన్నది ముందు తేల్చుకోవాలి. మా రోజుల్లో ఇది ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. బల్లే చెప్పేది.

ఆ బల్ల ఉన్నది వాల్తేరులో. అక్కడ న్యూక్లియర్ ఫిజిక్స్ మొదలుపెట్టిన స్వామి జ్ఞానానందగారిది పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడి. కాషాయం కట్టుకుని ప్రేగ్‌లో ఎక్స్‌రేల మీద, లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధన చేసి వచ్చిన మనిషి. ఆ ల్యాబులో పరికరం కొనడం కంటే కట్టుకోవడమే మర్యాద అనిపించుకునేది. మేం చేరేనాటికి ఆయన లేరు గానీ ఆ అలవాటు గోడలకి పట్టి ఉంది. ధ్రువణమాపకం అంటే రెండు సోడియం అయొడైడ్ క్రిస్టల్స్. ఒకటి గామాని పక్కకి తిప్పేది, రెండోది ఆ తిరిగినదాన్ని అందుకునేది. సోర్సు నుంచి గామా నేరుగా రెండో దానిలోకి పోకుండా మధ్యలో సీసం ఇటుకలు. అవి ఎత్తి ఎత్తి నడుములు పడిపోయేవి. రెండో క్రిస్టల్‌ని మొదటిదాని చుట్టూ తిప్పడానికి డిగ్రీలు చెక్కిన ఇత్తడి పళ్ళెం. సున్నా, తొంభై, నూట ఎనభై, రెండు వందల డెబ్బై. ప్రతి చోటా కాసేపు లెక్క, మళ్ళీ చేత్తో తిప్పడం. రెండు క్రిస్టల్స్‌లో ఒకేసారి తగిలితేనే ఒక కౌంటు. ఆ కౌంట్లు స్కేలర్ మీద నిక్సీ ట్యూబుల్లో నారింజ రంగు అంకెలై వెలిగేవి. ఒక అంకె మారేలోపు టీ చల్లారిపోయేది.

1950లోనే ఎంఐటీలో మెట్జ్‌గర్, డాయిష్ ఈ దారి వేశారు. ఒకదాని వెంట ఒకటి వచ్చే రెండు గామాల్లో మొదటిదాన్ని ఒక దిక్కున పట్టుకుంటే కేంద్రకాల వరస కొంత కుదురుతుంది. అప్పుడు రెండో గామాకి ధ్రువణం కనపడుతుంది. అదే ఏడు కొలంబియాలో షియెన్ షియుంగ్ వూ, షక్నోవ్ కలిసి, పాజిట్రాన్ నశించినప్పుడు వచ్చే రెండు 511 కేఈవీ గామాల ధ్రువణాలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయని చూపించారు. వాళ్ళ పరికరానికి సిద్ధాంతం ఇచ్చిన నిష్పత్తి 2.00, కొలిస్తే వచ్చింది 2.04. పొరపాటు హద్దు 0.08. ఈ పేపరు ఇప్పటికీ క్వాంటం చిక్కుముడుల గురించి మాట్లాడేవాళ్ళంతా తలుచుకుంటారు. ఎన్నిసార్లు డిటెక్టరు తిప్పారో మాత్రం ఎవరూ తలుచుకోరు.

మాకు అసలు శత్రువు ఎవరో చెప్తే నవ్వుతారు. భూమి. సోడియం అయొడైడ్ వెనక ఫొటోమల్టిప్లయర్ ట్యూబు ఉంటుంది. దాని లోపల ఎలక్ట్రాన్లు ఒక పలక నుంచి ఇంకో పలకకి దూకుతూ పెరుగుతాయి. ట్యూబుని తొంభై డిగ్రీలు తిప్పితే భూమి అయస్కాంత క్షేత్రం ఆ ఎలక్ట్రాన్లకి వేరే వైపునుంచి తగులుతుంది, గెయిన్ కొంచెం మారుతుంది, నిలువుకీ అడ్డానికీ కౌంట్లలో తేడా వస్తుంది. ధ్రువణం దొరికిందని గంతులేసిన కుర్రాళ్ళని మ్యూమెటల్ గొట్టం తొడిగి మళ్ళీ కొలవమనేవారు. తొడగగానే ఆ ధ్రువణం పోయేది. దీనికి తోడు సముద్రపు గాలి. ఉప్పు తేమకి హైవోల్టేజీ కనెక్టర్లు లీకయ్యేవి. సిలికాజెల్ సంచులు పెనం మీద వేయించి మళ్ళీ కట్టేవాళ్ళం. మధ్యాహ్నం ఎండకి గెయిన్ ఒక వైపు జారేది, రాత్రికి ఇంకోవైపు. అందుకే సున్నా, తొంభై ఒకదాని తరవాత ఒకటి మారుస్తూ పోవాలి. పొద్దున్నంతా సున్నా, సాయంత్రమంతా తొంభై అన్నవాడు గామా ధ్రువణం కాదు, విశాఖపట్నం ఎండ కొలిచినట్టు.

హైదరాబాదులో ఈసీఐఎల్ 1967లో వచ్చాక మాలాంటివాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. ఆ సంస్థని నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావుగారిదీ గోదావరి జిల్లాలే, మోగల్లు. యాంప్లిఫయర్లు, ఎనలైజర్లు మనవాళ్ళే చేసి పంపిస్తుంటే విదేశీ మారకం అనుమతి కోసం ఏళ్ళ తరబడి కాగితాలు తిప్పే బాధ కొంత తగ్గింది. కొంతే.

తరవాత జర్మేనియం వచ్చింది. అర్ధవాహకం అంటే రేడియోలో ట్రాన్సిస్టరు అని మాత్రమే తెలిసిన కాలంలో, పెద్ద జర్మేనియం ముద్దలోకి లిథియం ఎక్కించి గామా కొలవడం 1960ల మొదట్లో కుదిరింది. కెనడాలో చాక్ రివర్‌లో ట్యావెండేల్, ఈవన్ 1963లో చూపిన స్పెక్ట్రమ్ చూసి సోడియం అయొడైడ్ వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. 662 కేఈవీ దగ్గర మా క్రిస్టల్‌కి ఒక గామా శిఖరం వెడల్పు యాభై కేఈవీ దాకా ఉండేది. మంచి జర్మేనియంకి 1332 దగ్గర రెండు కేఈవీ. అంతకుముందు ఒకే గుట్టలా కనపడ్డ చోట అయిదారు గామాలు విడివిడిగా నిలబడ్డాయి. ధ్రువణం కొలవాల్సిన గామా ఏదో ఖచ్చితంగా తెలిసింది. 1960ల చివరికల్లా ఆ చాక్ రివర్ వాళ్ళే పల్చటి జర్మేనియం పలక ఒక్కటే పెట్టి, దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి ఉంచి ధ్రువణం తీశారు. పలక పొడవున్న వైపుకి తిరిగిన గామా లోపలే దొరికిపోతుంది, పల్చటి వైపుకి తిరిగింది బయటికి జారిపోతుంది. అంతే ఉపాయం.

ఆ లిథియం జర్మేనియంని మేం జెల్లీ అనేవాళ్ళం, అక్షరాలు అలా పలుకుతాయి కాబట్టి. పురిటి పిల్లకి కూడా అంత సేవ ఉండదు. రాత్రీ పగలూ, పండగా పబ్బం, ప్రయోగం ఉన్నా లేకున్నా దాన్ని ద్రవ నైట్రోజన్‌లో ఉంచాల్సిందే. వెచ్చబడితే లిథియం కదిలిపోతుంది, డిటెక్టరు ఇక డిటెక్టరు కాదు. ఒక ల్యాబులో (ఎక్కడని అడక్కండి) సంక్రాంతి సెలవులకి నైట్రోజన్ పోసే కుర్రాడు ఊరెళ్ళాడు. కనుమ మర్నాడు వచ్చి చూస్తే డ్యూయర్ పొడిగా ఉంది. అంతకుముందు ఏళ్ళ తరబడి తిరిగి తెప్పించిన డిటెక్టరు. హెడ్డుగారు ఆ గదిలోంచి బయటికొచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికెళ్ళిపోయారు. ఇప్పుడు హైప్యూర్ జర్మేనియం వచ్చింది, వెచ్చబడినా మళ్ళీ చల్లబరిస్తే పనిచేస్తుంది, న్యూట్రాన్లు తగిలి పాడైతే వేడి చేసి బాగుచేసుకోవచ్చు, నైట్రోజన్ పోయడానికి మెషినుంది. మంచిదే. దీని మీద నాకేం ఫిర్యాదు లేదు.

క్లోవర్ మీద కూడా ఫిర్యాదు లేదనే చెప్పాలి, చెప్పక తప్పదు. నాలుగు జర్మేనియం క్రిస్టల్స్, ఒక్కోటి చెక్కకముందు 50 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు, ఒకే డబ్బాలో నాలుగాకుల్లా అమర్చారు. యూరప్‌లో యూరోగ్యామ్ కోసం తయారైంది. చుట్టూ బీజీఓ కవచం. ఒక క్రిస్టల్‌లో తగిలి పక్కదానిలోకి తిరిగిన గామా ఎటు తిరిగిందో, నిలువుగానా అడ్డంగానా, ఏ క్రిస్టల్స్ మోగాయో చూస్తే తెలిసిపోతుంది. రెండిట్లో పడ్డ శక్తులు కూడితే అసలు శక్తి. తిప్పక్కర్లేదు. ఇత్తడి పళ్ళెం లేదు, సీసం ఇటుక లేదు. మామూలుగా స్పెక్ట్రమ్ తీయడానికి పెట్టిన డిటెక్టరే ఊరికే ధ్రువణమాపకం కూడా అయి కూర్చుంది. 1995 నాటికే దాన్ని ధ్రువణమాపకంగా కొలిచి చూపించేశారు. మన దేశంలో అలాంటివి 24 దాకా పట్టే ఇంగా వరస ఉంది. ముంబయి టీఐఎఫ్ఆర్‌కీ, ఢిల్లీ ఐయూఏసీకీ, కోల్‌కతా వీఈసీసీకీ మార్చిమార్చి తిరుగుతుంది. టీఐఎఫ్ఆర్‌లో ప్రతి సిగ్నల్‌నీ సెకనుకి పది కోట్ల సార్లు అంకెలుగా మార్చి రాసేసే ఎలక్ట్రానిక్స్ పెట్టారు. మేం జీవితకాలంలో కూడబెట్టిన కౌంట్లు అక్కడ కాఫీకెళ్ళొచ్చేలోపు వస్తాయి. 1990లలో సీసం ఐసోటోపుల్లో వరసగా ఎం1 గామాలు వదిలే స్థాయిల వరసలు, అంటే పట్టీలు, బయటపడి, కేంద్రకం గుండ్రంగా ఉండి కూడా తిరిగినట్టు కనిపించే కొత్త పద్ధతి ఒకటుందని తేలింది. దాన్ని అయస్కాంత భ్రమణం అంటున్నారు. ఆ గామాలు ఎం1 కాకుండా ఈ1 అయితే ఆ కథంతా నిలవదు. ఇలాంటివి మా ఇత్తడి పళ్ళెంతో ఏ జన్మకీ తేలేవి కావు. ఒప్పుకుంటున్నాను.

అయితే తిప్పడం పోయాక అనుమానం కూడా పోయింది. నా గొడవ ఇదీ.

క్లోవర్‌లో నిలువు జతకీ అడ్డం జతకీ సహజంగానే కొంత తేడా ఉంటుంది. ఒక క్రిస్టల్ థ్రెషోల్డ్ ఎక్కువ పెట్టి ఉండొచ్చు, ఇంకోదాని గెయిన్ జారి ఉండొచ్చు, బీమ్ టార్గెట్‌కి నడిమధ్యన కాక ఓ పక్కకి పడుతుండొచ్చు, టార్గెట్ పట్టుకునే నిచ్చెన చువ్వ ఒక వైపు నీడ వేస్తుండొచ్చు. ఈ తేడా కొలవడానికి ధ్రువణం లేని గామాలు కావాలి. యూరోపియం 152 సోర్సు పెడితే, అందులో కేంద్రకాలు ఏ వరసా లేకుండా ఉంటాయి కాబట్టి, 122 నుంచి 1408 కేఈవీ దాకా ధ్రువణం లేని గామాలు బోలెడు. వాటికి అడ్డం కౌంట్లని నిలువు కౌంట్లతో భాగిస్తే వచ్చేదే 'ఏ'. సున్నా గీత ఎక్కడుండాలో చెప్పేది అది.

కిందటేడు ఒకమ్మాయి వచ్చింది. నా దగ్గర చదివినవాడి దగ్గర చదువుతోంది, వరసకి మనవరాలు. ల్యాప్‌టాప్ తెరిచి చుక్కల బొమ్మ చూపించింది. గీతకి కొంచెం పైన ఒక చుక్క. దాన్ని చూపించి, "ఇది ఈ1 మాస్టారూ, దీంతో పై పట్టీ అంతా నెగెటివ్ పారిటీ అయిపోతుంది," అంది.

"'ఏ' ఎంత వచ్చిందమ్మా?"

"ఒకటి మాస్టారూ."

"వచ్చిందా, పెట్టుకున్నారా?"

"క్లోవర్‌కి అందరూ ఒకటికి దగ్గరే ఇస్తారండీ. పాత పేపర్లన్నిట్లోనూ అంతే."

బల్ల మీద ఏదో పెళ్ళి శుభలేఖ ఉంటే దాని వెనక రాసి చూపించాను. నిలువు కౌంట్లు 51,500. అడ్డం 50,000. 'ఏ' ఒకటి అనుకుంటే అసిమెట్రీ, అంటే తేడాని మొత్తంతో భాగిస్తే వచ్చేది, ప్లస్ 0.015. కౌంట్ల వల్ల వచ్చే పొరపాటు 0.003. చూడ్డానికి దివ్యంగా ఉంది, పొరపాటుకి అయిదు రెట్లు. ఇప్పుడు 'ఏ' 0.96 అనుకో. 51,500ని దానితో గుణిస్తే 49,440. తీసేస్తే మైనస్ 560. అసిమెట్రీ మైనస్ 0.006. ఈ1 కాస్తా ఎం1 వైపుకి దిగింది. పట్టీ పారిటీ తిరగబడింది. పేపరు తిరగబడింది. కేంద్రకం మాత్రం ఏమీ మారలేదు. ఆ పిల్ల తెలివైంది, శుభలేఖ ఫొటో తీసుకుంది.

"సోర్సు రన్ ఉందా?" అన్నాను. ఉందిట. "సింగిల్స్‌లో తీశారా, కాయిన్సిడెన్స్‌లోనా?" అన్నాను. ప్రయోగానికి పెట్టిన ట్రిగ్గరే ఉంచేశారట, రెండు క్లోవర్లు ఒకేసారి మోగితేనే రాసేది. దీనికి నేను లేచి నిలబడ్డాను. ఒక గామాని ఒక దిక్కున పట్టుకుంటే రెండోదానికి ధ్రువణం వస్తుందనే కదా 1950లో మెట్జ్‌గర్, డాయిష్ చెప్పింది! ధ్రువణం లేని సోర్సుని తీసుకొచ్చి మీ ట్రిగ్గరుతో మీరే ధ్రువణం ఎక్కించి, దాన్ని సున్నా అనుకుంటున్నారు. వరసలో డిటెక్టర్లు అన్ని దిక్కులా ఉంటే చాలావరకు చెల్లిపోతుంది, నిజమే. ఎంత చెల్లింది, ఎంత మిగిలింది అన్నది ఎవరైనా లెక్క చూశారా?

ఇదే యూరోపియం 152కి తొమ్మిది గంటల అర్ధాయుష్షున్న ఐసోమర్ ఒకటుంది. దాని గామాల వృత్తాకార ధ్రువణాన్ని అయస్కాంతం చేసిన ఇనుములోంచి పంపి కొలిచి, న్యూట్రినో ఎడమచేతి వాటమని బ్రూక్‌హేవెన్‌లో గోల్డ్‌హేబర్, గ్రాడ్జిన్స్, సన్యార్ 1958లో చెప్పారు. సోడియం అయొడైడ్‌తోనే. అయస్కాంతం దిశ అటూ ఇటూ మారుస్తూ. మార్చడం అక్కడా ఉంది, గమనించారా?

అన్నీ తిట్టడమే కాదు, ఈ కాలం వాళ్ళలో నాకు నచ్చినవాళ్ళూ ఉన్నారు. 2015 సెప్టెంబరు 28న మన శ్రీహరికోట నుంచి ఆస్ట్రోశాట్ ఎగిరింది. అందులో క్యాడ్మియం జింక్ టెల్యూరైడ్ డిటెక్టరుంది. అదీ అర్ధవాహకమే, దానికి నైట్రోజన్ అక్కర్లేదు. 64 పలకలు, పలకకి 256 గళ్ళు, గడి రెండున్నర మిల్లీమీటర్లు. గామా ఒక గడిలో తగిలి పక్క గడిలోకి తిరిగితే అదే మా పాత ఆట. దాంతో క్రాబ్ నెబ్యులా ధ్రువణం కొలిచారు. గళ్ళు నలుచదరం కాబట్టి, ధ్రువణం లేకపోయినా మూలనున్న గడి కంటే పక్కనున్న గడికే ఎక్కువ కౌంట్లు పోతాయి. ఆ తేడా తీసేయకపోతే ఆకాశంలో ఏ నక్షత్రాన్ని చూసినా ధ్రువణమే కనిపిస్తుంది. క్రాబ్ పక్కన యూరోపియం సోర్సు పెట్టలేరు కదా. అందుకని ఎగరకముందే నేలమీద ధ్రువణమున్న కిరణాలతోనూ లేనివాటితోనూ పరీక్షించి, సిమ్యులేషన్లతో సరిచూసుకున్నారు. అదీ పద్ధతి. నేల మీద, చేతికందేంత దూరంలో సోర్సు ఉండి కూడా పెట్టనివాళ్ళని ఏమనాలి?

ఇప్పుడు యూరప్‌లో అగాటా, అమెరికాలో గ్రెటా అని ఇంకా పెద్దవి వచ్చాయి. ఒక్కో జర్మేనియం క్రిస్టల్‌ని 36 భాగాలు చేసి, సిగ్నల్ ఆకారం చూసి గామా లోపల ఎక్కడెక్కడ తగిలిందో మిల్లీమీటర్లలో చెప్తారట. కోణం కోణానికీ ధ్రువణం తీయొచ్చు. చాలా గొప్ప సంగతి. అక్కడ 'ఏ' ఒక్క అంకె కాదు, కోణంతో మారే ఒక పెద్ద వక్రరేఖ. దాన్ని కూడా ఒకటి అనేసుకుంటారేమోనని నా భయం.

ఆ అమ్మాయితో చివరికి ఒకటే చెప్పాను. సోర్సు రన్ ప్రయోగానికి ముందొకటి, వెనకొకటి పెట్టండి, సింగిల్స్‌లో తీయండి, సోర్సుని సరిగ్గా బీమ్ పడే చోటే ఉంచండి, ఒక రాత్రంతా నడవనివ్వండి.

"వెనక రన్‌కి టైము ఉండదు మాస్టారూ. బీమ్ టైము అయిపోగానే వేరేవాళ్ళు వచ్చేస్తారు."

"సోర్సుకి బీమ్ ఎందుకమ్మా?"

"బీమ్ కాదు మాస్టారూ, హాలు ఖాళీ చెయ్యాలి. పైగా అందరికీ ఆ రోజే కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు ఉంటాయి. వదులుకుంటే తత్కాల్‌లో కూడా దొరకవు."

ముంబయి నుంచి కోణార్క్‌లో నిలబడి వచ్చాం మేం, చేతుల్లో జెల్లీ డిటెక్టరు ప్రీయాంప్లిఫయరు పట్టుకుని. ఆ సంగతి చెప్పబోతుంటే అప్పటికే ల్యాప్‌టాప్ మూసేసింది.